ఎనిమిది దగ్గర ఆగిన ముల్లు

"నీ మేనకోడలి పని అయిపోయింది తమ్ముడూ," అన్నాడు మా తోడల్లుడు, నా చేతికి టీ అందిస్తూ. "పంచదార సరిపోయిందా?"

ఈయన సంగతి ముందు చెప్పుకోవాలి. మా ఆవిడ అక్క మొగుడు. పోలీసు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. నేను చేసే ప్రైవేటు డిటెక్టివు పని ఆయన దృష్టిలో పనే కాదు, పనిలేనివాడి కాలక్షేపం. చుట్టాలంతా ఒకచోట చేరితే చాలు, "ఈ మధ్య ఎవరి పిల్లి తప్పిపోయింది?" అని నలుగురిలో అడుగుతాడు. నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. ఇప్పుడు ఈ మట్టిదారి బైకు పందేనికి ఆయన భద్రతాధికారి. మెడలో ఈల, నడుముకి వాకీటాకీ. ఇక పట్టుకునేదెవరు!

"ఏం జరిగిందో ముక్కల్లో చెప్పండి అన్నయ్యా. సొంత తీర్పులొద్దు."

చెప్పాడు. పొద్దున్న ఎనిమిదింటికి ప్రాక్టీసు. గెలుస్తాడని అందరూ అనుకునే కుర్రాడు, తూనీగ అంటారు వాణ్ణి, చదును నేల మీద రెండు చుట్లు బాగానే కొట్టాడు. మూడో చుట్టులో రాళ్ళ వాలు ఎక్కుతుండగా వెనక టైరు గాలి ఒక్కసారిగా పోయింది. బండి ఓ పక్కకి, వాడో పక్కకి. అదృష్టం బాగుండి మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది. తర్వాత వాళ్ళ టెంటులో వెతికితే, బండి నిలబెట్టిన చోట గాలి కొలిచే గేజీ ఒకటి దొరికింది. దాని వెనక మేకుతో గీకి ఉన్న పేరు, పిడుగు.

పిడుగు అంటే మా అక్క కూతురు.

"ఒంటిగంటకి కమిటీ కూర్చుంటుంది," అన్నాడు తోడల్లుడు. "తప్పు రుజువైతే మధ్యాహ్నం ఫైనల్లో ఉండదు. ఆ పైన మూడేళ్ళు నిషేధం. పోటీదారుడి టైరులో గాలి తీసింది. సాక్ష్యం నా దగ్గరుంది. ఇంకేం కావాలి?"

ఈయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. టీ మాత్రం బాగుంది, అది ఒప్పుకోవాలి.

పిడుగుని ఆఫీసు గదిలో ఓ కుర్చీలో కూర్చోబెట్టారు. బురద బూట్లు, మోకాళ్ళకి రక్షణ చిప్పలు, మొహం మాత్రం కందగడ్డ. ఇది రెండేళ్ళుగా తెల్లారకముందే పాల వ్యాను తోలి, పగలంతా మట్టిలో బండి నేర్చుకుంది. ఇన్ని పోటీలు తిరిగితే మొదటిసారి ఫైనల్‌కి వచ్చింది. ఈ పూట పోతే మళ్ళీ మూడేళ్ళ మాట.

"మావయ్యా, నేనేం చెయ్యలేదు," అంది నన్ను చూడగానే.

"మరి నీ గేజీ వాళ్ళ టెంటులోకి నడుచుకుంటూ వెళ్ళిందా?"

"దారిన పోతుంటే జేబులోంచి పడిపోయింది."

"దారి టెంటు బయటుంది. గేజీ వెనక చక్రం నిలబెట్టిన చోట దొరికింది. నీ జేబు అంత పొడుగా?"

బూటు కొనతో నేల గీకుతూ కూర్చుంది.

"చూడమ్మా, బయట మీ పెదమావయ్య వరసాయన ఒకడు ఈల ఊదడానికి సిద్ధంగా ఉన్నాడు. నాతో అబద్ధమాడితే నేనూ ఊదుతాను."

"నువ్వేమైనా చేసుకో. గాలి మాత్రం తియ్యలేదు. ఒట్టు!"

తీయలేదంది, వెళ్ళలేదనలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం చూశాను గానీ, భుజాలు కప్పుకుని మోకాళ్ళు తడుముకోవడం ఇదే చూడటం. దీని దగ్గర ఏదో ఉంది. అది గాలి తీయడం కాదు, ఇంకేదో.

బయటికొస్తే మా అక్క ఎదురైంది. మా అక్కకి టైర్ల కొట్టుంది. పందెం ఎక్కడుంటే అక్కడికి వ్యాను నిండా టైర్లు వేసుకుని వస్తుంది. చేతులు నల్లగా, కొంగు నడుముకి బిగించి ఉంది.

"ఒరేయ్, నా కూతుర్ని ఇంకా బయటికి తీసుకురాలేదా? డిటెక్టివువా, దిష్టిబొమ్మవా?"

"అక్కా, ముందు నాకో సంగతి చెప్పు. ఈ టైర్లలో గాలి ఎంతుండాలి? నా స్కూటరుకి ముప్పై కొట్టిస్తాను."

అక్క పగలబడి నవ్వింది. "ముప్పై కొట్టి ఆ రాళ్ళ మీదికి వెళ్ళు, ఎముకలు ఏరుకుని తెస్తాను. తడి బండ మీద చెప్పుల్తో నడుస్తావా, ఉత్తి కాళ్ళతో నడుస్తావా?"

"ఉత్తి కాళ్ళతో."

"ఎందుకు? పాదం మెత్తగా పరుచుకుని రాయిని పట్టుకుంటుంది కాబట్టి. ఇక్కడా అంతే. వెనక టైరే కదా బండిని తోసేది. రోడ్డు మీద వచ్చేటప్పుడు పన్నెండు పౌండ్లుంచుతారు. రాళ్ళలోకి దిగేముందు తగ్గిస్తారు. ఎంతకి తగ్గించాలన్నది టైరుని బట్టి ఉంటుంది. పిడుగు వాడేది మెత్తటి జిగురు రబ్బరు. రాయికి అతుక్కుంటుంది, తొందరగా అరిగిపోతుంది. బొటనవేలుతో నొక్కితే గాలి ఎంతుందో తెలిసిపోతుంది. తూనీగ వాళ్ళ నాన్న గట్టి టైరు మనిషి. దాని పక్కలు మందం. రాయి కొట్టినా రిమ్ము వంగదు. కానీ ఆ టైరు మొండిది, పన్నెండున్నా ఎనిమిదున్నా వేలుకి ఒకేలా తగులుతుంది."

"తూనీగ ఎంతకి తగ్గిస్తాడు?"

అక్క అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అది అడగకూడదురా! ఇక్కడ ఎవడి అంకె వాడికే గుట్టు. అవతలివాడి అంకె తెలుసుకోవాలని చూడటం కంటే సిగ్గుమాలిన పని లేదంటారు. నా కూతురు కన్నతల్లినైన నాకే చెప్పదు. బండి మీద చెయ్యి వేస్తే మీద పడి కరుస్తుంది. సర్లే, పాపం దాన్ని ఆ గదిలో కూర్చోబెట్టారు కదా, చెయ్యాల్సింది నేను చేసేశాను. నువ్వు నీ పని చూడు."

ఏం చేసిందో నేనడగలేదు. అడిగి ఉండాల్సింది.

తూనీగ బండి టెంటులో ఓ పక్కకి ఒరిగి ఉంది. నాకంటే ముందే తోడల్లుడు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"వాల్వు చూడు తమ్ముడూ. ట్యూబు దగ్గర తెగిపోయింది. బ్లేడుతో కోసింది."

మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. మోకాళ్ళు నన్ను తిట్టాయి. ట్యూబు అంచు పీలికలు పీలికలుగా ఉంది. వాల్వు రిమ్ము కన్నంలో ఓ పక్కకి వాలిపోయి ఇరుక్కుంది.

"అన్నయ్యా, బ్లేడుతో కోస్తే అంచు ఇలా ఉంటుందా? ఇది లాగితే చినిగింది. ఇంకా చూడండి. టైరు మీద ఈ పసుపు చుక్క ఏంటి?"

"ఏదో రంగు."

"అక్కా!" అని కేకేశాను. టెంటు బయటే చెవులు రిక్కించుకుని ఉంది, వెంటనే తల దూర్చింది.

"టైరు ఎక్కించేటప్పుడు ఆ చుక్క వాల్వు పక్కకి వచ్చేలా పెడతారు," అంది. "ఇప్పుడు జానెడు దూరం పోయింది. టైరు రిమ్ము మీద తిరిగిపోయిందన్నమాట. ట్యూబుని కూడా లాక్కుపోయి వాల్వు దగ్గర చింపేసింది."

"ఎందుకు తిరుగుతుంది?"

"గాలి మరీ తగ్గితే టైరుకి రిమ్ము మీద పట్టుండదు. బిగించి పెట్టే లాకు ఒకటుంటుంది గానీ అదీ కొంతవరకే. చదును నేల మీద తెలియదు. రాళ్ళ వాలులో యాక్సిలేటరు తిప్పగానే రిమ్ము ముందుకి, టైరు వెనక్కి! ఈ గట్టి టైరుకి ఎనిమిదైతే ఏం కాదు. అయిదుకో నాలుగుకో పడితేనే ఇలా అవుతుంది."

"విన్నారా అన్నయ్యా? ఎవరూ కొయ్యలేదు."

తోడల్లుడు తడబడలేదు. "కొయ్యకపోతే గాలి తీసింది. పొద్దున్న ఆరున్నరకి పిడుగు ఈ టెంటులోంచి పరిగెత్తుకుంటూ పోతుంటే గేటు మనిషి చూశాడు. అప్పుడు తండ్రీకొడుకులు టీకి వెళ్ళారు. కాదంటావా?"

"ఆ గేజీ ఒకసారి చూపించండి."

ప్లాస్టిక్ సంచిలోంచి గర్వంగా తీశాడు. "దొరికింది దొరికినట్టు ఉంచాను. ఎవరి వేలూ తగలనివ్వలేదు."

గుండ్రటి గేజీ. లోపల ముల్లు ఎనిమిది దగ్గర నిలబడి ఉంది.

"చక్రానికి పెట్టకుండానే ఎనిమిది చూపిస్తుందేంటి? పాడైందా?"

"పాడవలేదురా," అంది అక్క. "అదలాంటిదే. కొలిచి తీసేశాక కూడా ముల్లు అక్కడే ఆగుతుంది. పక్కనున్న బటను నొక్కితేనే సున్నాకి వస్తుంది. నొక్కలేదంటే ఆఖరుసారి కొలిచింది అదే."

ఆ క్షణంలో మా తోడల్లుణ్ణి ముద్దు పెట్టుకోవాలనిపించింది. ఆయన జాగ్రత్తే పిడుగుని కాపాడే సాక్ష్యాన్ని పదిలంగా దాచింది!

మళ్ళీ ఆఫీసు గదికి పరిగెత్తాను. "పిడుగూ! నువ్వు గాలి తియ్యలేదు. కొలిచావు. వాళ్ళ అంకె దొంగతనంగా చూడ్డానికి వెళ్ళావు. ఎనిమిదొచ్చింది. అడుగుల చప్పుడు వినిపించి, బటను నొక్కకుండానే గేజీ పారేసి పరిగెత్తావు. అవునా?"

దాని చెవులు ఎర్రబడ్డాయి. "మావయ్యా, గట్టిగా అనకు! బయట వింటే ఇంక ఏ టెంటులోకీ రానివ్వరు నన్ను."

"ఓసి నీ దుంప తెగ! మూడేళ్ళు నిషేధం పడుతుంటే, కొలిచానని చెప్పడానికి సిగ్గుపడుతున్నావా?"

"నువ్వు స్కూటరు మనిషివి. నీకు తెలీదులే," అంది మొహం దాచుకుంటూ. నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది.

అయితే నవ్వుతో కమిటీ ఒప్పుకోదు. ఆరున్నరకి ఎనిమిదున్న గాలి, ఎనిమిదింటికి అయిదుకి ఎలా పడింది? "కొలిచి, ఆ తర్వాతే తీసింది," అంటాడు తోడల్లుడు. అందుకే తూనీగ దగ్గరికి వెళ్ళాను. మోచేతికి కట్టుతో వ్యాను మెట్టు మీద కూర్చుని ఈల పాట పాడుకుంటున్నాడు. పడినవాడిలా లేడు.

"బాబూ, బండి ఎక్కేముందు గాలి చూసుకున్నావా?"

"చూసుకోవడమేంటి సార్, నేనే తీశాను. ఏడున్నరకి. పన్నెండు నుంచి..." అని ఆగాడు. "మన అంకెకి."

"ఎనిమిదికి."

ఎగిరి లేచాడు. "ఎవరు చెప్పారు మీకు?"

"ముల్లు చెప్పింది. గేజీ పెట్టి తీశావా?"

"మా ఇంట్లో గేజీలుండవు సార్. మా నాన్న నేర్పిన పద్ధతి. వాల్వు నొక్కి ఇరవై లెక్కపెట్టడమే. గేజీ చూసేవాడు చెవిటివాడంటాడు నాన్న."

"వేలుతో నొక్కి చూడలేదా?"

"నొక్కితే ఏం తెలుస్తుంది ఆ మొండి టైరులో! నేను జిగురు టైరు వేద్దామన్నాను. ఆయన ససేమిరా అన్నాడు. మొన్నట్నుంచి మాకు మాటల్లేవు."

"మాటల్లేవా? ఒకే టెంటులో ఉండి?"

"టీకి కలిసే వెళ్ళాం. మాట్లాడుకోలేదంతే."

నేనిక అక్కడ నిలబడలేదు. ఏడున్నరకి పన్నెండుందనుకుని తీశాడు వీడు. ఆరున్నరకే ఎనిమిదుందని ముల్లు చెబుతోంది. మరి అంతకుముందు తీసిందెవరు?

ఒంటిగంటకి కమిటీ కూర్చుంది. ముగ్గురు పెద్దలు, ఓ బల్ల, చుట్టూ సగం మైదానం. తూనీగ తండ్రి, పెద్దాయన అంటారు అందరూ, మీసాలు దువ్వుకుంటూ ముందు వరసలో నిలబడ్డాడు. ఒకప్పటి విజేత. కొడుకు ఇటు చివర, తండ్రి అటు చివర. తోడల్లుడు సంచి ఎత్తి పట్టుకుని దంచేస్తున్నాడు. ఆయన మాట అయ్యేదాకా ఆగాను. నాకు ఆగడం ఎంత కష్టమో మా ఆవిణ్ణి అడగండి.

"నాదొక్కటే ప్రశ్న," అన్నాను లేచి. "పెద్దాయనా, మిమ్మల్నే. మీరు పెద్దవారైపోయారు. చెవి కూడా తగ్గి ఉంటుంది. ఇప్పుడు మీ బండికి గాలి తీసే మొనగాడు మీ అబ్బాయేనట కదా?"

మీసాలు లేచి నిలబడ్డాయి.

"ఎవడయ్యా చెప్పింది? నేను బతికుండగా నా బండి వాల్వు ఇంకొకడు ముట్టుకుంటాడా? వీడికేం తెలుసు లెక్క? ఈవేళ పొద్దున్న ఆరింటికి నేనే తీశాను! పన్నెండు నుంచి ఎనిమిదికి! ఇరవై లెక్కపెట్టి!"

"నాన్నా!" అని అటు చివరనుంచి కేక. రెండు రోజుల్లో వాడు తండ్రితో అన్న మొదటి మాట. "నువ్వు తీశావా? నేనూ తీశాను కదా! ఇరవై లెక్కపెట్టి!"

పెద్దాయన కొడుకు మోచేతి కట్టు వైపు చూశాడు.

"నాకొక్క మాట చెప్పొచ్చు కదరా," అన్నాడు మెల్లగా.

"నువ్వూ చెప్పొచ్చు కదా!"

ముందెవరు నవ్వారో తెలీదు గానీ, తర్వాత ఆపడం ఎవరివల్లా కాలేదు. కమిటీ పెద్ద బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడు. మా అక్కయితే చెట్టుకి చేరబడిపోయింది. "ఒకే టెంటులో పడుకుని ఒకరికొకరు చెప్పుకోలేదట! అంకె గుట్టట! ఇలాంటివాళ్ళు ఉంటారటే ఎక్కడైనా!" అని కళ్ళు తుడుచుకుంది.

ఆ నవ్వుల్లోనే పిడుగు లేచి, "నేను అంకె దొంగతనంగా చూశాను. తప్పే," అని ఒప్పేసుకుంది. పెద్దాయన దాని నెత్తి మీద మొట్టి, "నువ్వు చూడబట్టే నిజం బయటపడింది. పో, బండి ఎక్కు," అన్నాడు. ఆ తర్వాత కొడుకుని భుజం పట్టుకుని మా అక్క వ్యాను దగ్గరికి లాక్కెళ్ళాడు. "అమ్మా, ఆ జిగురు టైరు ఒకటియ్యి. వీడి మాటే నెగ్గనీ."

ఫైనల్ వేళకి పన్నెండు బండ్లు గీత మీద నిలబడ్డాయి. పిడుగు పరిగెత్తుకుంటూ వచ్చి, బండి వెనక క్షణం కూర్చుని లేచి, హెల్మెట్టు పెట్టుకుంది. పక్కనే తూనీగ. నేను తాడు ఇవతల తోడల్లుడి పక్కన నిలబడ్డాను. ఆయన సంచిలోంచి గేజీ తీసి నా చేతిలో పెట్టాడు.

"కేసు మూసేశాం తమ్ముడూ. వస్తువు వాపసు." మెడలో ఈల సర్దుకుంటూ, "ఆ ముల్లు సంగతి బాగా పట్టావు," అన్నాడు. ఇన్నేళ్ళ చుట్టరికంలో ఆయన నోటివెంట మంచిమాట వినడం ఇదే.

బటను నొక్కాను. ముల్లు టక్కున సున్నాకొచ్చింది. పొద్దుట్నుంచి దీని గురించి ఇంత మాట్లాడానే గానీ ఒక్కసారైనా వాడింది లేదు. పిల్లాడిలా సరదా పుట్టింది. తాడు కిందనుంచి దూరి, పిడుగు వెనక చక్రానికి పెట్టి చూశాను.

రెండున్నర.

సరిగ్గా పెట్టలేదేమో అనుకున్నాను. మళ్ళీ పెట్టాను. రెండున్నరే. ఎదురుగా రాళ్ళ వాలు కనబడుతోంది. జెండా మనిషి గీత వైపు నడుస్తున్నాడు.

"అక్కా! దీని టైరులో గాలెవరు తీశారు?"

"ఎవరూ తియ్యలేదే. పొద్దున్న దాన్ని గదిలో కూర్చోబెట్టారు కదా పాపమని నేనే పన్నెండు నుంచి సగానికి..." అంటూ అక్క ఆగిపోయింది. నల్లటి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

పిడుగు హెల్మెట్టు అద్దం ఎత్తింది. "అమ్మా! నువ్వు తీశావా? ఇప్పుడే నేనూ తీశాను! గేజీ వీళ్ళ దగ్గరుందని లెక్కపెట్టి తీశాను!"

"వేలుతో నొక్కి చూసుకోవద్దటే?"

"చేతికి గ్లవ్సులున్నాయి! నాకొక్క మాట చెప్పొద్దా?"

"చెబితే కరుస్తావు కదే!"

ఎదుటివాళ్ళకి చెప్పేటందుకే నీతులు. తిట్టే తీరిక లేదు. "పంపు! పంపు!" అని అరిచాను. పంపు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది ఎవరనుకున్నారు? మా తోడల్లుడే. ఈల నోట్లోనే ఉంది, ప్రతి అడుగుకీ పిప్పీ పిప్పీమని మోగుతోంది. నేను వాల్వుకి తగిలించాను, ఆయన మొత్తం బరువేసి కొట్టడం మొదలెట్టాడు.

"ఎంతకి కొట్టాలమ్మా?"

పిడుగు అటు చూసింది, ఇటు చూసింది. పదకొండు హెల్మెట్లూ దానివైపే తిరిగి ఉన్నాయి. పెద్దాయన తాడు మీదుగా సగం వంగి ఉన్నాడు. కన్నతల్లికి చెప్పని అంకె అది.

జెండా పైకి లేచింది.

"ఆరూ!" అని గొంతు చించుకుని అరిచింది.

"జిగురు టైరుకి ఆరా?" అని పక్కనుంచి తూనీగ కేక. "నాన్నా, మనది ఎనిమిదుంది! రెండు తీసెయ్!"

"తీస్తున్నాన్రా!" అంటూ పెద్దాయన తాడు దాటి దూకాడు. "నేను తీస్తున్నా! నువ్వు ముట్టుకోకు!"

ఓరి దేవుడా! గెలిచే గుట్టు కాస్తా గెలిచేవాడి చేతిలోనే పెట్టేశాం. పొద్దున్న దీన్ని నిషేధం నుంచి కాపాడాను. ఇప్పుడు ఆ తూనీగ నుంచి దీన్ని కాపాడేవాడెవడూ లేడు, అది తప్ప. హెల్మెట్టు లోపల దాని కళ్ళు చూశాను. భయం లేదు. నవ్వుతోంది దొంగపిల్ల.

"ఆరు!" అని గేజీ పీకాను. జెండా పడింది.

పిడుగు వెనక చక్రం ఒక్కసారి నేలని కరిచి, తవ్వినంత మట్టీ మా తోడల్లుళ్ళిద్దరి మొహాల మీద కొట్టి ముందుకి దూకింది. దాని పక్కనే తూనీగ. దుమ్ములో ఎవరు ముందో కనబడలేదు. తోడల్లుడు ఈల ఉమ్మేసి, కళ్ళమీద మట్టి తుడుచుకుని నావైపు చూశాడు.

"పట్టు బాగుంది తమ్ముడూ," అన్నాడు.